పాలు తాగుతుంటే పాపకు చెమట పడుతోందా?

పసిబిడ్డ పాలు తాగుతున్నప్పుడు మనం ఏం చూస్తాం? కడుపు నిండిందా లేదా అని చూస్తాం. మధ్యలో నిద్రపోతే బుగ్గ మీద వేలితో తట్టి లేపుతాం. తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమురుతాం. నుదుటి మీద చెమట పట్టిందా అని మాత్రం చాలామందిమి చూడం. పట్టినా ఎండలు కదా, ఒడిలో వేడి కదా అని కొంగుతో తుడిచేసి ఊరుకుంటాం. కానీ చలికాలంలో కూడా, ఫ్యాను కింద కూడా, పాలు పట్టిన ప్రతిసారీ జుట్టు తడిసిపోయేంత చెమట పడుతుంటే అది ఎండ వల్ల కాదండీ. పెద్దవాళ్ళకు మెట్లెక్కడం ఎలాంటిదో పసివాళ్ళకు పాలు తాగడం అలాంటిది. వాళ్ళు చేసే కష్టమంతా అదే. ఆ కష్టానికే రొప్పుతున్నారంటే లోపల గుండె ఉండాల్సిన దానికంటే ఎక్కువ పని చేస్తోందేమోనని అనుమానించాలి.

పుట్టుకతో వచ్చే గుండె లోపాల గురించి రాద్దామని కూర్చుంటే నాకు మొదట ఈ చెమటే గుర్తొచ్చింది. ఎందుకంటే దీన్ని చూసేది డాక్టరు కాదు. డాక్టరు దగ్గర బిడ్డ ఉండేది ఐదు నిమిషాలు. రాత్రీ పగలూ దగ్గరుండి చూసేది అమ్మ, నానమ్మ, అమ్మమ్మ, పురుటికి సాయం వచ్చిన చిన్నమ్మ. వాళ్ళు గుర్తుపడితే సగం పని అయినట్టే.

మా ఎల్లారెడ్డిలో ఈ జబ్బుకు అందరూ అనే మాట ఒకటే. "గుండెకు చిల్లట." ఆ మాట వినగానే కుండకు చిల్లు పడినట్టు, నెత్తురంతా కారిపోతున్నట్టు ఊహించుకుని తల్లి అక్కడే కూలబడిపోతుంది. నిజానికి అలా ఏమీ ఉండదు. గుండెను నాలుగు గదుల ఇల్లు అనుకోండి. పైన రెండు, కింద రెండు. కుడివైపు గదుల్లోకి ఒళ్ళంతా తిరిగొచ్చిన చెడు రక్తం చేరి ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ శుభ్రపడి ఎడమవైపు గదుల్లోకి వచ్చి, తిరిగి ఒంటికి వెళ్తుంది. రెండు వైపులకూ మధ్య గోడ ఉండాలి. నెల తప్పిందని మనకు తెలిసే వేళకే కడుపులో ఈ ఇల్లు కట్టడం మొదలైపోతుంది, రెండు నెలలు నిండేసరికి గోడలు, తలుపులు దాదాపు పూర్తవుతాయి. ఎక్కడో ఒక చోట గోడ పూర్తిగా లేవకపోతే అదే రంధ్రం. కింది గదుల మధ్య ఉంటే వీఎస్‌డీ అంటారు, పై గదుల మధ్య ఉంటే ఏఎస్‌డీ. బిడ్డ కడుపులో ఉన్నంతకాలం తెరిచి ఉండి, పుట్టాక మూసుకుపోవాల్సిన రక్తనాళం ఒకటుంది. అది మూసుకోకపోతే పీడీఏ. ఎకో రిపోర్టు మీద ఈ మూడు మాటలే ఎక్కువగా కనిపిస్తాయి.

వీటన్నిటికీ ఆపరేషను కావాలనేం లేదు. చిన్న రంధ్రాలు కొన్ని, ముఖ్యంగా వీఎస్‌డీలు, పాప పెరుగుతుంటే వాటంతటవే మూసుకుపోతాయి. ఏఎస్‌డీ ఉన్నవాళ్ళు కొందరికి పెళ్ళయి పిల్లలు పుట్టేదాకా ఆ సంగతే తెలియదు. కానీ పెద్ద రంధ్రం ఉంటే శుభ్రపడిన రక్తం మళ్ళీ మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతూ ఉంటుంది. ఆయాసం, నిమ్ము, బరువు పెరగకపోవడం అందువల్లే.

మరో రకం ఉంది. అందులో చెడు రక్తం శుభ్రపడకుండానే ఒంట్లోకి వెళ్ళిపోతుంది. పెదాలు, నాలుక, గోళ్ళు నీలంగా మారతాయి. వీళ్ళనే 'బ్లూ బేబీ'లంటారు. నాలుగు లోపాలు కలిసి ఉండే టెట్రాలజీ ఆఫ్ ఫాలో అనేది ఇందులో ఎక్కువగా వినిపించే పేరు. చామనఛాయ పిల్లల్లో నీలం త్వరగా కనిపించదు, అందుకే పెదాలు కాదు, నాలుక, చిగుళ్ళు చూడాలి. చలికి చేతులు, పాదాలు కాస్త నీలంగా అయితే భయం లేదు. నాలుక నీలమైతే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

వెయ్యి మంది పిల్లలు పుడితే అందులో ఎనిమిది తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుంది. మన దేశంలో ఏటా ఇలా పుట్టేవాళ్ళు రెండు లక్షలకు పైనే అని అంచనా. వీళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి మొదటి ఏడాదిలోనే చికిత్స చేయాల్సి వస్తుంది. అంటే ఇది ఎక్కడో ఎవరికో వచ్చే వింత జబ్బు కాదు. మీ బడిలో, మీ వీధిలో తప్పకుండా ఒకరుంటారు.

మా వీధిలో ఉంది. పేరెందుకులెండి, ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి అప్పట్లో దుబాయిలో ఉండేవాడు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు పైనే ఉంది, అంతా బాగుందని ఇంటికి పంపించారు. రెండో నెలలో నిమ్ము చేసింది. తగ్గిందనుకునేలోగా మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఐదో నెలలో ఇంకోసారి. పట్నంలో పిల్లల్ని చూసే ఒక డాక్టరు ప్రతిసారీ ఒక సీసా మందు, రెండు సూదులు ఇచ్చి పంపేవాడు. తల్లి ముందు చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఒడిలో పాలిచ్చేది. పాప నాలుగు గుక్కలు తాగి, వదిలేసి రొప్పేది, మళ్ళీ నోట్లో పెట్టుకునేది. గంటసేపు తాగినా కడుపు నిండేది కాదు. "నీకు పాలు పడ్తలేవు, డబ్బా పాలు పట్టు" అని ఒకరు, "దిష్టి తాకింది, మిరపకాయలు తిప్పెయ్యి" అని ఇంకొకరు. పొగాకు ఘాటుకే పిల్ల దగ్గుతోందని మరొకరు. చివరి మాటకు ఆ తల్లి రాత్రంతా ఏడ్చింది. చుట్టకపోతే తిండెట్లా?

గుర్తుపట్టింది అంగన్‌వాడీ టీచరు. నెలనెలా తూకం వేసి కార్డులో గీత గీస్తారు కదా, ఆ గీత పైకి పోవడం లేదు. పుట్టినప్పటి బరువు ఐదు నెలలకల్లా రెట్టింపు కావాలి, ఈ పాప నాలుగు కిలోల దగ్గరే ఆగిపోయింది. ఆమె అడిగిన ప్రశ్న నాకు అక్షరం అక్షరం గుర్తుంది, ఎందుకంటే నేనప్పుడు అక్కడే ఉన్నాను. "పాలు తాగుతుంటే షెమట పడ్తదా అక్కా?"

మరి పుట్టినప్పుడు డాక్టర్లు ఎందుకు పట్టుకోలేదు అంటారా? చాలాసార్లు అది వాళ్ళ నిర్లక్ష్యం కాదు. పుట్టిన కొత్తల్లో ఊపిరితిత్తుల్లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. రంధ్రం ఉన్నా దాంట్లోంచి రక్తం అంతగా పారదు, స్టెతస్కోపుకు శబ్దం వినిపించదు. నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక ఆ ఒత్తిడి తగ్గుతుంది, అప్పుడు శబ్దం, ఆయాసం మొదలవుతాయి. కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు "అంతా నార్మల్" అన్నారని ధీమాగా ఉండిపోకూడదు. నెలన్నర టీకాకు ఎలాగూ తీసుకెళ్తాం కదా. ఆ రోజు టీకా వేయించుకుని గబగబా వచ్చేయకుండా, "ఒకసారి గుండె కూడా చూడండి డాక్టరుగారూ" అని అడగాలి. అడిగితే విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి.

ఇంకో పని ఇంట్లోనే చేయొచ్చు. పాప నిద్రలో ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, గడియారం చూస్తూ నిండు నిమిషం శ్వాస లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పిల్లలకు 60 లేదా అంతకు మించి ఉన్నా, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా పైన ఉన్నా, ఏడాది దాటిన పిల్లలకు 40 లేదా పైన ఉన్నా ఆయాసం కిందే లెక్క. ఆశా కార్యకర్తలకు ఈ లెక్క నేర్పిస్తారు, మనం నేర్చుకోకూడదని ఎక్కడా లేదు. కొన్ని ఆసుపత్రుల్లో పుట్టిన మర్నాడు కుడిచేతికి, కాలికి ఒక చిన్న క్లిప్పు తగిలించి రక్తంలో ఆక్సిజను చూస్తారు. కరోనా రోజుల్లో మనమంతా వేలికి పెట్టుకున్నామే, ఆ పల్స్ ఆక్సీమీటరే. 95 కంటే తక్కువ వస్తే మళ్ళీ పరీక్షిస్తారు. కొన్ని ప్రమాదకరమైన లోపాలు దాంతో మొదటి రోజుల్లోనే బయటపడతాయి. కాన్పయిన చోట చేశారో లేదో అడిగి తెలుసుకోవచ్చు.

తప్పు ఎవరిదట?

జబ్బు తెలిశాక ఇంట్లో మొదట పుట్టే ప్రశ్న ఇదే. జవాబు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది. కోడలిదే. గ్రహణం నాడు బయట తిరిగింది, కడుపుతో ఉండి బరువులెత్తింది, వద్దన్నా బొప్పాయి తిన్నది. పుట్టినింటివాళ్ళకు ఏదో ఉందట కూడానూ! నేను విన్నవన్నీ రాస్తే ఈ పేజీ చాలదు.

నిజమేమిటంటే చాలామంది పిల్లల్లో కారణం ఇదీ అని ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు. గ్రహణానికీ గుండెకూ సంబంధం లేదు. కొన్ని సంగతులు మాత్రం రుజువైనవి. గర్భం మొదటి మూడు నెలల్లో తల్లికి రుబెల్లా అనే జ్వరం, దద్దుర్లు వస్తే బిడ్డకు కళ్ళల్లో శుక్లాలు రావచ్చని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ కనిపెట్టాడు. గుండె లోపం, చెవుడు కూడా రావచ్చని తేలింది. దానికి టీకా ఉంది. 2017 ఆగస్టులో మన తెలంగాణలో బడిపిల్లలకు ఒక విడతగా వేసిన ఎం.ఆర్. టీకా అదే. ఇప్పుడు పసిపిల్లలకు తొమ్మిది నెలలు నిండాక, మళ్ళీ రెండేళ్ళ వయసులోపు వేస్తున్నారు. మీ అమ్మాయికి వేయించడమంటే రేపు ఆమె కడుపున పుట్టబోయే బిడ్డ గుండెను కాపాడటం కూడా. గర్భానికి ముందు నుంచీ అదుపులో లేని షుగరు, డాక్టరును అడక్కుండా మింగే కొన్ని రకాల మాత్రలు కూడా కారణం కావచ్చు. మేనరికాల్లోనూ, దగ్గరి రక్తసంబంధంలోనూ ఈ ముప్పు కొంత ఎక్కువని పరిశీలనల్లో తేలింది. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది, వాళ్ళకు పుట్టగానే ఎకో చేయించాలి. ఇంట్లో ఒక బిడ్డకు ఈ లోపం ఉంటే, మళ్ళీ గర్భం వచ్చినప్పుడు 18 నుంచి 22 వారాల మధ్య కడుపులోని బిడ్డ గుండెను స్కానింగులో ప్రత్యేకంగా చూపించుకోవచ్చు.

మేనరికం మాట వచ్చింది కాబట్టి చిన్న మాట. అది ఇరువైపుల పెద్దలు కూర్చుని కుదిర్చిన సంబంధం. దాని ఫలితానికి మాత్రం ఒక్క కోడలే జవాబు చెప్పుకోవాలా?

ఎల్లారెడ్డి నుంచి ఎకో దాకా

మా ఊరికి రైలు లేదు. లింగంపేట మీదుగా కామారెడ్డి నలభై కిలోమీటర్లు, అక్కణ్ణుంచి హైదరాబాదు మరో నూటపది. పిల్లల గుండెకు ఎకో తీసి చదవగలిగిన నిపుణులు ప్రతి పట్నంలో దొరకరు. ఎకో అంటే భయపడేదేం లేదు, కడుపుతో ఉన్నప్పుడు మనకు చేసిన స్కానింగు లాంటిదే. సూది గుచ్చరు, నొప్పి ఉండదు. బిడ్డ ఏడవకుండా ఉంటే చాలు. ఏడ్చే పిల్లలకు నిద్రమందు ఇస్తారు.

2013లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గురించి చాలామంది తల్లులకు తెలియదు. ఆర్‌బీఎస్‌కే అంటారు. డాక్టర్లతో కూడిన ఒక బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి వచ్చి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలందరినీ చూస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, వాటిలో గుండె లోపాలు, ఈ పరీక్షలో ఉన్నాయి. అనుమానం ఉంటే జిల్లా స్థాయి కేంద్రానికి, అక్కణ్ణుంచి పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. మా వీధి పాప వెళ్ళింది ఈ దారినే. ప్రైవేటు బడుల్లో చదివే పిల్లల్ని ఆ బృందం చూడదు కాబట్టి వాళ్ళ తల్లులు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఖర్చు సంగతి. ఇరవై ఏళ్ళ కిందట గుండె ఆపరేషనంటే మన వైపు అర ఎకరం అమ్ముకోవడమే. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది. పిల్లల గుండె ఆపరేషన్లు అందులో ఉన్నాయి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. అదే రోజున ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం కూడా మొదలైంది. రెండింటినీ కలిపి ఎవరూ ఆలోచించి ఉండరు గానీ, నెలకోసారి బిడ్డను చంకనేసుకుని హైదరాబాదు పోయొచ్చే తల్లికి రెండూ కలిసే ఉపయోగపడ్డాయి. పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. రెండువారాలు ఆసుపత్రిలో ఉంటే పెద్దపిల్లకు అన్నం ఎవరు పెడతారన్నదీ ఏ పథకంలోనూ ఉండదు. అది వాడకట్టులోని ఆడవాళ్ళు చూసుకోవాల్సిందే, చూసుకున్నాం కూడా.

హైదరాబాదులో పిల్లలకు నీలోఫర్, గుండె ఆపరేషన్లకు నిమ్స్ ఉన్నాయి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పిల్లల గుండె సర్జనుగా ఉన్న మన తెలుగు డాక్టరు వెంకటరమణ దన్నపునేని ఈమధ్య ఏళ్ళలో తన బృందాన్ని వెంటబెట్టుకొచ్చి నిమ్స్‌లో పసిపిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళ్తున్నారు. సిద్దిపేట జిల్లా కొండపాకలో సత్యసాయి సంజీవని వాళ్ళది కేవలం పిల్లల గుండె కోసమే ఒక ఆసుపత్రి ఉంది, అక్కడ డబ్బు కట్టే కౌంటరే ఉండదు. ఈ ఒరవడి 1991 నవంబరులో పుట్టపర్తిలో మొదలైంది. ఆ పెద్దాసుపత్రిని అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు ప్రారంభించారు. ఆంధ్రలో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌తో కలిసి సినిమా హీరో మహేష్‌బాబు ఫౌండేషన్ వెయ్యిమందికి పైగా పిల్లలకు ఆపరేషన్లు చేయించింది. ఎక్కడికి వెళ్ళినా పాప ఆధార్, పుట్టినరోజు సర్టిఫికెట్, రేషన్‌కార్డు, పాత రిపోర్టులు ఒక సంచిలో పెట్టుకుని వెళ్ళండి. ఒక్క కాగితం కోసం వెనక్కి రావాల్సి వస్తే మళ్ళీ మూడు వందల కిలోమీటర్లు.

అసలు ఈ పిల్లలకు ఏదో ఒకటి చేయవచ్చు అని మొదట పట్టుబట్టింది ఒక స్త్రీ అని తెలుసా? హెలెన్ టౌసిగ్. అమెరికాలో బాల్టిమోర్ జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో 1930 నుంచి పిల్లల గుండె విభాగం చూసేది. అప్పటికి ఆ విభాగమంటే నీలంగా మారిన పిల్లల్ని చూస్తూ చేతులు కట్టుకుని నిలబడటమే. ఆమెకు వినికిడి పోయింది. స్టెతస్కోపు వినలేని గుండె డాక్టరు! రెండు చేతులూ పాప ఛాతీ మీద ఆనించి గుండె చప్పుడును వేళ్ళతో చదివేది. ఊపిరితిత్తులకు రక్తం చాలకే వీళ్ళు నీలమవుతున్నారు, ఒంటికి పోయే ఒక రక్తనాళాన్ని అటు మళ్ళిస్తే ఎలా ఉంటుందని ఆమె అడిగితే మొదట ఒక పెద్ద సర్జను కాదు పొమ్మన్నాడు. ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ ఒప్పుకున్నాడు. 1944 నవంబరు 29న పదిహేను నెలల ఆడపిల్లకు ఆ ఆపరేషను చేశారు. బ్లాలాక్ వెనక ఒక పీట మీద నిలబడి, ఇలా కుట్టండి, అలా కాదు అని చెబుతూ ఉన్నది వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు. కాలేజీ మెట్లెక్కే అవకాశం దొరకని వడ్రంగి కొడుకు. కుక్కల మీద ఆ ఆపరేషను పదేపదే చేసి పద్ధతి కుదిర్చింది అతనే. ఆ మొదటి పాప కొన్ని నెలలే బతికింది. కానీ ఆ తర్వాత వచ్చిన పిల్లలు వరసపెట్టి బతికారు.

ఆడపిల్లకు మచ్చ పడుతుందా?

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న మాటకు వస్తాను. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. గుండె ఆపరేషను చేయించమని చెప్పిన పిల్లల్లో ఏడాది తిరిగేసరికి ఎంతమందికి చేయించారని చూస్తే, మగపిల్లల్లో నూటికి డెబ్బైమందికి జరిగింది. ఆడపిల్లల్లో నలభై నాలుగు మందికే. జబ్బు అదే, ఆసుపత్రి అదే, డాక్టరు చెప్పిన మాటా అదే. తేడా ఇంట్లో వచ్చింది. ఖర్చు, ఆ తర్వాత పెళ్ళెట్లా అవుతుందన్న బెంగ. ఛాతీ మీద గీత ఉన్న పిల్లను ఎవరు చేసుకుంటారని.

మా వీధి ఇంట్లోనూ ఇదే జరిగింది. ఎనిమిదో నెలలో ఎకో చేసి, రంధ్రం పెద్దది, ఏడాది లోపే మూసేయాలి అన్నారు. దుబాయి నుంచి వాట్సాప్‌లో తండ్రి "నేనొచ్చేదాక ఆగుండ్రి" అన్నాడు. ఆయన రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది. బావగారు, మేనమామ, ఎవరో ఆర్ఎంపీ, తలా ఒక మాట. మాత్రలు వాడి చూద్దాం, పెద్దయ్యాక చూద్దాం, ఆడపిల్ల కదా, కోత పెడితే రేపు మాటొస్తది.

ఆగితే ఏమవుతుందో వాళ్ళెవరికీ తెలియదు. పెద్ద రంధ్రాన్ని అలాగే వదిలేస్తే ఎక్కువ రక్తం పారీ పారీ ఊపిరితిత్తుల నాళాలు గట్టిపడిపోతాయి. కొన్నేళ్ళకు ఒత్తిడి ఎంత పెరుగుతుందంటే రక్తం ఎదురు తిరిగి పారడం మొదలెడుతుంది. అప్పుడు పిల్ల నీలమవుతుంది. ఆ దశకు వచ్చాక రంధ్రం మూయడానికి ఏ సర్జనూ ముందుకు రాడు, మూస్తే ప్రాణం పోతుంది. విచిత్రమేమంటే అంతకు ముందు కొన్నాళ్ళు నిమ్ము రావడం తగ్గి, పిల్ల కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. "చూశావా, దానంతటదే తగ్గింది" అని ఇంట్లో సంబరపడతారు. గుండె జబ్బులో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఆ సంబరమే.

ఆ ఇంట్లో తేల్చింది అత్త. కోడలి మీద నిందలు వేసినవాళ్ళలో ఆమె కూడా ఉంది, దాచడమెందుకు. కానీ ఆ రోజు మంచం మీద కూర్చుని అందరి మాటలూ విని, "మచ్చ కానొస్తదని మనిషినే పోగొట్టుకుంటమా?" అంది. కొడుక్కు ఫోను చేయించి, "నువ్వొచ్చేదాక పిల్ల ఆగదు, సంతకం నీ పెండ్లాం పెడ్తది" అని చెప్పింది. తల్లి ఒక్కతే సంతకం పెట్టొచ్చని ఆ కోడలికి అప్పటిదాకా తెలియదు.

ఆపరేషను పదో నెలలో అయింది. ఛాతీ మధ్యలో నిలువుగా ఒక సన్నని గీత. జాకెట్టు వేసుకునే వయసుకు అది కనబడినా ఎంత, కనబడకపోయినా ఎంత? కొన్ని రకాల రంధ్రాలను, పీడీఏలను ఇప్పుడు తొడ దగ్గర నరంలోంచి చిన్న గొట్టం పంపి, గొడుగులాంటి బిళ్ళతో మూసేస్తున్నారు. దానికి కోతే ఉండదు. ఏది కుదురుతుందో రంధ్రం ఎక్కడుంది, ఎంతుంది, పిల్ల బరువెంత అన్నదాన్ని బట్టి డాక్టరే చెప్పాలి. బిళ్ళ పద్ధతి కుదరదన్నారని ఆపరేషనే మానుకోకూడదు.

ఇంటికొచ్చాక

నేను కథలు రాస్తాను కాబట్టి ఒక మాట ఒప్పుకోక తప్పదు. మన నవలల్లో, సినిమాల్లో గుండెజబ్బు పిల్ల అంటే పువ్వులు కోస్తూ కూలిపోవాలి, ఆఖరి పేజీలో అందరినీ ఏడిపించి వెళ్ళిపోవాలి. ఆ పిల్ల లెక్కలు తప్పినట్టూ, ఖోఖోలో గొడవ పడినట్టూ మేం ఎవరం రాయలేదు. సరైన సమయంలో రంధ్రం మూయించుకున్న పిల్లల్లో ఎక్కువమంది అచ్చం మిగతా పిల్లల్లాగే ఎదుగుతారు. కానీ ఇంట్లో, బడిలో భయం పోదు. "ఉరకకు", "మెట్లెక్కకు", "దాన్ని ఏమనకండి" అంటూ పెంచుతారు. డ్రిల్లు పీరియడులో గోడకు ఆనించి కూర్చోబెడతారు. ఆడుకోవచ్చా, ఎంత ఆడుకోవచ్చు అని డాక్టరుతో ఒక చీటీ రాయించుకుని హెడ్‌మాస్టరుకు ఇస్తే ఆ గొడవ తీరిపోతుంది. కొందరికి పరిమితి ఉంటుంది, అదీ ఆ చీటీలోనే రాస్తారు. మా పాప ఒకరోజు ఇంటికొచ్చి, "నన్నెందుకు ఆడనిస్తలేరు, మా అక్కకేమో ఆపరేషన్ కాలే, నాకైతే అయింది, నేనే గట్టిగున్న" అని వాదించింది. ఆ లెక్క కూడా సరైనదే!

ఇంకా ఆపరేషను కాని 'నీలి' పిల్లలున్న ఇళ్ళకు మరో సంగతి. ఇలాంటి పిల్లలు కొందరు ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి గొంతుకూర్చుంటారు. అలసిపోయి కాదు, అలా కూర్చుంటే ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువ వెళ్తుంది, అందుకని ఒళ్ళే నేర్పుతుంది. లేచి నడవమని గద్దించకండి. ఒక్కోసారి పొద్దున్నే గుక్కపట్టి ఏడుస్తూ ముదురు నీలంగా మారి, తేలిపోయినట్టవుతారు. అప్పుడు చేయాల్సింది, మోకాళ్ళు రెండూ మడిచి ఛాతీకి ఆనించి పట్టుకుని, గుండెకు హత్తుకుని ఊరుకోబెడుతూ, 108కి ఫోను చేయడం. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు నీళ్ళు, ఓఆర్ఎస్ అస్సలు తగ్గకూడదు. రక్తహీనత ఉంటే ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది కాబట్టి ఐరన్ మందు డాక్టరును అడిగి వాడాలి.

పళ్ళు. గుండె ఆపరేషనుకూ పళ్ళకూ ఏమిటి సంబంధం అనుకోకండి. పుచ్చిన పంటిలోని క్రిములు రక్తంలో కలిసి గుండెలో చేరి పెద్ద జబ్బు చేయగలవు. రెండుపూటలా బ్రష్ చేయించడం, పన్ను పీకించే ముందు పంటి డాక్టరుకు గుండె సంగతి చెప్పడం మరవద్దు. టీకాలు ఏవీ మానక్కర్లేదు. ఆపరేషను ముందూ వెనకా ఎప్పుడు వేయించాలో మాత్రం అడగండి.

అన్నిటికంటే ఎక్కువగా మానేసేది తిరిగి చూపించుకోవడం. మొదటి ఏడాది శ్రద్ధగా తిరుగుతారు. పిల్ల బాగుంది కదా, మళ్ళీ బస్సెందుకు అని ఆగిపోతుంది. టెట్రాలజీ పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక కవాటం మార్చాల్సి రావచ్చు, అది పైకి కనిపించే జబ్బు కాదు, ఎకోలోనే తెలుస్తుంది. అమ్మాయిల విషయంలో ఇంకోటి కూడా. పెళ్ళప్పుడు ఆ ఫైలును బీరువా అడుగున దాచేస్తారు. దాచిన ఫైలు కాన్పు వేళ డాక్టరుకు దొరకదు. గుండె లోపం సరిచేయించుకున్న ఆడపిల్లలు చాలామంది మామూలుగానే పిల్లల్ని కంటున్నారు. కానీ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయిన కొద్దిమందికి గర్భం ప్రాణం మీదికి తెస్తుంది. ఎవరు ఏ కోవలో ఉన్నారో గుండె డాక్టరు ముందే చెప్పగలడు. పెళ్ళి చూపుల్లో ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది ఆ ఇంటివాళ్ళ ఇష్టం గానీ, అమ్మాయికి మాత్రం తన గుండెలో ఏముండేదో, ఏం చేశారో, మందుల పేర్లేమిటో తెలిసి ఉండాలి. పన్నెండు పదమూడేళ్ళకే చెప్పి, ఫైలు ఎక్కడుందో చూపించండి.

ఆర్‌బీఎస్‌కే బృందం మీ ఊరికి ఏ రోజు వస్తుందో అంగన్‌వాడీ టీచరుకు ముందే తెలుస్తుంది. ఆ రోజు కూలికి పోయే తల్లులు బిడ్డను పక్కింట్లో అయినా అప్పజెప్పి, పాలు తాగుతుంటే రొప్పుతోందనో, చెమట పడుతోందనో ఆ పక్కింటామెకు చెప్పి వెళ్ళాలి. చెప్పకపోతే డాక్టరుకు ఆమె చెప్పలేదు.